షిబా స్వభావము – గృహస్థుని అధికారము

వేదాంతగ్రంథమును ఆరంభించునపుడు నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పుట శాస్త్రసంప్రదాయము. దీనిని చదువుటకు అర్హుడెవడు? ఇందలి విషయమేమి? ఆ విషయమునకును గ్రంథమునకును సంబంధమెట్టిది? చదివినందువలన కలుగు ప్రయోజనమేమి? అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము అను ఈ నాలుగింటికి అనుబంధచతుష్టయమని పేరు. ఒక గ్రంథమును తెరచుటకే ఇంత విచారణ అవసరమైనపుడు, పన్నెండు నుండి పదునైదేండ్లు జీవింపగల ఒక ప్రాణిని ఇంటికి తెచ్చుకొనుటకు ఏ విచారణయు అక్కరలేదా? దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతముల అపార్ట్‌మెంట్లలో లాబ్రడార్, పొమెరేనియన్ శునకములు చిరపరిచితములే. వాని నడుమ ఇపుడు జపాను దేశపు షిబా ఇను కుక్కపిల్ల కూడ అరుదుగ కాన్పించుచున్నది. నక్కవంటి ముఖము, వంపు తిరిగిన తోక, నవ్వుచున్నట్లుండు పెదవులు చూచి దానిని కొనువారే అధికులు. ఆ ముఖము వెనుకనున్న స్వభావమును విచారించువారు అల్పులు.

అధికారి యెవడో నిర్ణయించుటకు ముందుగ విషయము తెలియవలెను గనుక, ఇచట విచారణను విషయముతోనే ఆరంభించుట యుక్తము.

జపానునందు స్వదేశీయ శునకజాతులుగ పరిగణింపబడునవి ఆరు: అకిటా, కాయ్, కిషూ, షిబా, షికోకు, హొక్కైడో. వీని పరిరక్షణకై 1928లో నిప్పో అను సంస్థ ఏర్పడినది. అకిటా జాతిని 1931లోను, షిబా జాతిని 1936లోను ఆ దేశప్రభుత్వము ప్రాకృతిక స్మారకములుగ ప్రకటించినది. రెండవ ప్రపంచయుద్ధకాలపు ఆహారాభావము వలనను, డిస్టెంపర్ వ్యాధి వలనను షిబా జాతి దాదాపు అంతరించి, మిగిలిన కొన్ని వంశముల నుండి మరల వృద్ధి పొందినది. ఆరు జాతులలో పరిమాణమున చిన్నది ఇదియే. మగ షిబా భుజము కడ సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తు, పది కిలోల బరువు ఉండును. కొండప్రాంతముల పొదలలో పక్షులను, చిన్న మృగములను వేటాడుట దీని పూర్వవృత్తి. అట్టి వేటలో శునకము వేటగానికి ముందు నడచును; ఏ పొదలో దూరవలెనో, ఎచట నిలువవలెనో తానే నిశ్చయించుకొనును. ప్రతి అడుగునకు యజమాని ముఖము చూచు శునకము ఆ పనికి పనికిరాదు.

జపాను శునకమునందు ఉండవలసినవిగ ఆ దేశీయులు మూడు గుణములను చెప్పుదురు. కాన్‌ఇ అనగా ధైర్యముతో కూడిన గాంభీర్యము. ర్యోసెయ్ అనగా సౌశీల్యము. సొబోకు అనగా ఆడంబరము లేని సరళత. ఈ మూడింటిలో ఆజ్ఞాపాలనము లేదను సంగతి గమనింపదగినది.

ఈ స్వభావము నగరగృహమున ఎట్లు ప్రకటమగును? ఏడాది నిండని షిబాను పేరు పెట్టి పిలిచినచో చెవి మాత్రము త్రిప్పును; వచ్చుటయా మానుటయా అనునది అది ఆలోచించి నిర్ణయించును. చైతన్యపురి వీధిలో నడచుచు తనకిష్టము లేని మలుపు వచ్చినచో రోడ్డుమీదనే కూలబడును. గోళ్లు కత్తిరింపబోయినచో అది పెట్టు కేక విని పక్కింటివారు ఏదో హింస జరుగుచున్నదని తలుపులు తెరతురు. పట్టీ విప్పినచో పిల్లి వెనుకనో ఉడుత వెనుకనో పరుగెత్తును, ఎంత పిలిచినను వెనుదిరుగదు. అదే కుక్కపిల్ల పిల్లివలె తన పాదములను తానే నాకి శుభ్రపరచుకొనును. తాను పరుండు చోటును మలినము చేయనొల్లక లిఫ్ట్ వచ్చువరకు ఓపికతో నిలుచును. అతిథి వచ్చినపుడు మీద పడదు. దూరము నుండి పరిశీలించును. ఇల్లు సద్దుమణిగిన తరువాత గృహస్థుని సమీపమునకు వచ్చి, జానెడు దూరమున, వీపు అతని వైపు ఉంచి కూర్చుండును. వెనుకనున్నవానిపై విశ్వాసము లేనిచో ఏ ప్రాణియు వీపు చూపదు. దాని ప్రేమకు రూపమదియే. ఒడిలోనికి రాలేదని విచారించువాడు ఆ ప్రేమను గుర్తింపలేడు.

కనకపు సింహాసనముపై కూర్చుండబెట్టినను శునకము తన గుణము మానదను సుమతీశతకకారుని దృష్టాంతము తెలుగువారికి బాల్యము నుండి పరిచితము. అది నీచుని ఉద్దేశించి చెప్పినది. నింద మాత్రము శునకమునకు అంటినది. గీతయందు భగవానుడు జ్ఞానవంతుడు సైతము తన ప్రకృతికి అనుగుణముగనే ప్రవర్తించునని, నిగ్రహము అచట ఏమి చేయగలదని ప్రశ్నించెను. జ్ఞానికే తప్పనిది కుక్కపిల్లకు దోషమెట్లగును? షిబా మొండిదను ఫిర్యాదులో సగము శునకమును గూర్చినది కాదు; తన ఊహ నెరవేరలేదను యజమాని దుఃఖమును గూర్చినది.

ఈ ఊహ ఎచట పుట్టినదో చూడవలెను. జపాను శునకమనగనే స్ఫురించునది హచికో. టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఉఎనో 1925 మే నెలలో మరణించిన పిమ్మట, 1935 మార్చిలో తాను మరణించువరకు షిబుయా రైల్వేస్టేషను వద్ద ఎదురుచూచిన ఆ శునకము అకిటా జాతికి చెందినది. పది సంవత్సరముల నిరీక్షణ యొక్క కథ విని, అట్టి భక్తి మూల్యమునకు లభించునని భావించి వేరొక జాతి పిల్లను తెచ్చుకొనువారు కలరు. రెండవ మూలము అంతర్జాలమున వ్యాపించి క్రిప్టో నాణెమునకు సైతము ముద్రయైన షిబా ముఖము. ఆ ముఖము కబోసు అను శునకముది. ఆ శునకము వ్యాపారార్థము పిల్లలను కనిపించు ఒక కేంద్రము మూతపడగా వీధిపాలు కావలసినది. 2008లో ఒక ఉపాధ్యాయిని దానిని దత్తత తీసుకొనెను. 2024 మే నెలలో అది మరణించినది. లోకమంతట ఈ జాతిపై మోజు కలిగించిన ముఖము పరిత్యక్తమైన శునకముదని తెలిసినవారెందరు?

ఇక అధికారి యెవడు? సాధనచతుష్టయమునందలి శమదమాదులలో తితిక్ష యొకటి, శీతోష్ణములను సహించుట. ఇచట సహింపవలసినది శునకము కాదు, గృహస్థుడు. షిబాకు రెండు పొరల రోమము కలదు. ఏటికి రెండు మారులు లోపలి పొర కుచ్చులు కుచ్చులుగ రాలి ఇల్లంతయు నిండును. హైదరాబాదున ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలను దాటును. శునకమునకు మనుష్యునివలె దేహమంతటను చెమట పట్టదు. రొప్పుట చేతనే అది తాపమును బాపుకొనవలెను. రోమమును గొరిగించుట ఉపాయము కాదు, ఆ పొరయే ఎండ నుండి చర్మమును కాపాడును. కావున సూర్యోదయమునకు ముందును, రాత్రి నేల చల్లబడిన పిమ్మటను మాత్రమే దానిని నడిపింపవలెను. ఎల్.బి.నగర్ కూడలి తారురోడ్డుపై వెనుచేతిని ఆన్చి కొన్ని క్షణములు ఉంచలేనివాడు ఆ రోడ్డుపై దాని పాదములను నడిపింపరాదు.

తాపముతో పాటు శబ్దము కలదు. దిల్‌సుఖ్‌నగర్ ప్రధానరహదారి హారన్లు నిత్యకృత్యము. వినాయక నిమజ్జనమునకు సరూర్‌నగర్ చెరువునకు సాగు ఊరేగింపుల డప్పులు, దీపావళి బాణసంచా చిన్నవయస్సున అలవాటు పడని శునకమునకు భయావహములు. ఆలుమగలిద్దరు ఉదయము మెట్రో ఎక్కి రాత్రికి తిరిగివచ్చు ఇంటిలో దినమంతయు తలుపు వెనుక ఒంటరిగ ఉండు పిల్ల బల్లలను, చెప్పులను కొరికినచో దోషమెవరిది? శిక్షణకు కోచింగ్ సెంటరున్న విద్యార్థి హాస్టలు గదిలో దానిని పెంచుట మరింత అనుచితము. ధనముండుట అధికారము కాదు. కాలము, ఓర్పు, నియమము ఉన్నవాడే అధికారి.

సంబంధమును గూర్చి మహాభారతము రెండు చోట్ల చెప్పినది, ఆదియందును అంత్యమునందును. నన్నయ భారతమున ఆదిపర్వారంభమున జనమేజయుని సత్రయాగస్థలికి సరమ అను దేవశునకము కుమారుడు వచ్చును. అది హవిస్సును ముట్టలేదు, చూడలేదు. అయినను రాజసోదరులు దానిని కొట్టిరి. నిరపరాధిని కొట్టినవారికి ఊహింపని భయము కలుగునని సరమ పలికెను. ఆజ్ఞ వినలేదను కోపముతో కుక్కపిల్లపై చేయి ఎత్తువాడు ఈ కథను స్మరింపవలెను. ఇక మహాప్రస్థానమున ద్రౌపదియు నలుగురు సోదరులును నేలకొరిగిన పిమ్మట ధర్మరాజు వెంట మిగిలినది ఒక శునకము. అతడు దానిని కొనలేదు, దాని జాతి నడుగలేదు. స్వర్గరథము ఎక్కుమని ఇంద్రుడు పిలిచినపుడు, ఆశ్రయించినదానిని విడచుట మహాపాతకమని నిరాకరించెను. అది యమధర్మరాజని అతడు అప్పటికి ఎరుగడు. ఆ ఘట్టము మహత్త్వమంతయు ఆ ఎరుగకుండుటలోనే ఉన్నది.

సంప్రదాయనిష్ఠులు ఇచట ఒక ఆక్షేపణ చేయుదురు. శునకము అశుచియని శాస్త్రము, శునకవంతులకు స్వర్గమున తావు లేదని అదే ఘట్టమున ఇంద్రుని వాక్యము. అట్లుండగా దానిని ఇంటిలో పెంచుట ఆచారవిరుద్ధము కాదా? ఆక్షేపణ నిరాధారము కాదు. అయితే వైశ్వదేవమున శునకములకు సైతము బలి విధించినది ఆ ఆచారమే. శౌచము పూజాగృహపు గడపను రక్షించును. దయ శేషగృహమును రక్షించును. పూజగదిలోనికి రానీయకపోవుట దయకు విరోధము కాదు. రానీయలేదని ఎండలో బాల్కనీయందు కట్టివేయుటయే విరోధము.

ఈ సంబంధమును రాజ్యశాసనము కూడ తాకినది. కేంద్రప్రభుత్వము 2024 మార్చి 12న రాష్ట్రములకు లేఖ వ్రాయుచు, మనుష్యప్రాణమునకు అపాయకరములని ఇరువదిమూడు రకముల శునకముల విక్రయమును, ప్రజననమును ఆపుమని కోరినది. ఆ పట్టికలో జపానుకు చెందిన టోసా, అకిటా కలవు, షిబా లేదు. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టివేసినది. క్రౌర్యము జాతినామమునందు లేదనుట సత్యము. అంతమాత్రమున పెంచువాని బాధ్యత తొలగిపోదు. పెంపుడు జంతువును ఆకలిదప్పులకు లోనగునట్లు వదలివేయుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము.

మిగిలినది ప్రయోజనము. విద్యావినయసంపన్నుడైన బ్రాహ్మణుని, గోవును, ఏనుగును, శునకమును పండితుడు సమముగ చూచునని గీత చెప్పినది. సమదర్శనము సమవర్తనము కాదని పెద్దలు వివరింతురు. ఏనుగు గ్రాసమును శునకమునకు పెట్టుట పాండిత్యము కాదు. ప్రతి ప్రాణియందును ఒకే చైతన్యమును చూచి, దాని స్వభావమునకు తగినట్లు వర్తించుటయే అందలి భావము. లక్ష రూపాయల షిబాను పట్టుపరుపుపై ఉంచి, అపార్ట్‌మెంట్ గేటు కడ పడుకొన్న వీధికుక్కపై రాయి విసరువాడు రెండింటిలోను చైతన్యమును చూడలేదు. ఒకదానియందు తన వైభవమును, మరొకదానియందు తన అసహ్యమును చూచెను. అట్లని భయమును కొట్టివేయరాదు. 2023 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌కు ఎంతో దూరము లేని అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీధికుక్కల దాడిలో మరణించెను. ఆ తల్లిదండ్రుల ఎదుట సమదర్శనోపన్యాసము నిష్ఫలము. వీధికుక్కలకు సంతాననియంత్రణ శస్త్రచికిత్స, రేబిస్ టీకా క్రమము తప్పక చేయించుట బాలుని పట్లను కుక్క పట్లను ఏకకాలమున చూపు దయ. 2023 నాటి నిబంధనలు పురపాలకసంస్థలకు విధించిన పని అదియే. గృహశునకమునకు పట్టీ, టీకా, వీధిలో మలశుభ్రత పొరుగువాని పట్ల గృహస్థధర్మము.

ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పలేనివారు షిబాను తెచ్చుకొనకుండుటయే మేలు. శునకమే కావలెనన్నచో ఈ ఎండకు, ఈ గాలికి తరతరములుగ అలవాటు పడిన దేశవాళీ పిల్లలు ప్రతి సందు చివర కలవు. టీకా వేయించి తెచ్చుకొన్నచో మూల్యము లేదు, జీవి ఒకటి నిలుచును. ఇప్పటికే తెచ్చుకొన్నవారికి మాత్రము ప్రశ్నలు ముగిసినవి. ఆశ్రయమిచ్చిన పిమ్మట అధికారము లేదనుకొన్నవాడు అధికారమును సంపాదించుకొనవలెను గాని శునకమును వదలరాదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి చల్లని నేలపై దానిని నడిపించుట, అది కూలబడినచోట తిట్టక రెండు నిమిషములు నిలుచుట, పిలిచినపుడు రాలేదని కొట్టకుండుట అతని నిత్యానుష్ఠానము కావలెను.