కలకత్తాలో కుదిరిన తెలుగు పెళ్ళి

కలకత్తా రేవుపేటలలో ఒకటైన వాట్‌గంజ్ సమీపముననే టాలీ నాలా అనబడే ఆదిగంగ పాయ హుగ్లీ నదిలో కలుస్తున్నది. ఓడల రేవు నిర్మింప ప్రయత్నించిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరు ఆ పేటకు మిగిలినది. ఆ పాయ వెంట కాళీఘాట్ దాటి దక్షిణంగా పోతే టాలీగంజ్. గోదావరి మండలపు పెళ్ళిచూపులు, బేరసారాలు, శోకాలు 1939లో వెండితెరకు ఎక్కినది ఆ వంగదేశపు స్టూడియోలలోనే అంటే నేటి పాఠకునికి వింత తోచవచ్చును.

ఆ చిత్రం ‘వరవిక్రయం’. టాకీలు వచ్చిన తొలి రోజులలో మద్రాసున తగిన స్టూడియోలు లేక తెలుగు నటులు కలకత్తాకు రైలెక్కేవారు. 1934లో ‘లవకుశ’ను అందించిన ఈస్టిండియా ఫిలిం కంపెనీ, దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్యగారు ఈసారి పురాణాన్ని విడిచి కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకాన్ని చేపట్టారు. నాటకకర్త 1927లోనే కన్నుమూశారు. తన పాత్రలు తెరపై మాట్లాడగా వినే యోగం ఆయనకు లేకపోయినది.

కథ ఇంటింటిదే. పురుషోత్తమరావుకు వరకట్నమంటే గిట్టదు. కాని ఇంట పెళ్ళీడు కుమార్తెలు ఇద్దరు. భార్య భ్రమరాంబ ఆరాటం ఒకవంక, పెళ్ళిళ్ళ పేరయ్య మాటకారితనం మరొకవంక. చివరకు పొలం అమ్మి 5,500 రూపాయలు సింగరాజు లింగరాజు చేతిలో పోస్తాడు. తన కొరకు తండ్రి నమ్మిన నియమం, ఆస్తి రెండూ పోవుట చూడలేక పెద్దకూతురు కాళింది ప్రాణం తీసుకుంటుంది. లింగరాజు మాత్రం పుచ్చుకొన్న సొమ్ము తిరిగి ఇవ్వడు!

ఈ కుటుంబంలో దుర్మార్గుడు గడప వెలుపల ఉన్నాడు. కలహం మాత్రం గడప లోపలిది. తల్లి కోరినదీ బిడ్డ సుఖమే, తండ్రి తలవంచినదీ అందుకే. నాటకపు బలమంతా ఇక్కడ ఉన్నది. చెల్లెలు కమల మార్గం వేరు. డబ్బిచ్చి కొన్న వరుడు కొన్నవారి సొత్తేగదా అని ఆమె ఎదురు తిరిగి, లోకపు తర్కాన్ని లోకానికే అప్పగిస్తుంది. అక్క మరణం చూసి కన్నీరు పెట్టిన ప్రేక్షకుడు చెల్లెలి వాదం విని నవ్వుతాడు. ఆ నవ్వులో అతని సొంత పెళ్ళినాటి లెక్కలు గుర్తుకు రాకపోవు.

లింగరాజుగా బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు, భ్రమరాంబగా దాసరి కోటిరత్నంగారు రంగస్థలంపై పండినవారే. కమల పుష్పవల్లి. కాళింది వేషం వేసిన భానుమతికి అది మొదటి చిత్రం. వయస్సు 13 ఏండ్లు. తమ కుమార్తెను ఏ నటుడూ కౌగిలించరాదని తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు ముందే షరతు పెట్టారట. నాటకశాల చివరి వరుసకు వినిపించుటకు గొంతెత్తే నటులకు అలవాటైన ఈ కథలో, గొంతెత్తకనే కుమిలిపోయే ఈ బాలిక ముఖాన్ని కెమెరా దగ్గరగా చూపగలిగినది. నాటకం చేయలేని పని అది ఒక్కటే. మిగిలినచోట్ల చిత్రం చాలవరకు నాటకానికే విధేయం, అది దోషం కూడా కాదు.

వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చినది, అనగా చిత్రం విడుదలైన 22 ఏండ్లకు. పెళ్ళి సంబంధాలు కుదిర్చేవానిని తెలుగువారు నేటికీ పేరయ్య అనే పిలుస్తున్నారు.