మంచం కింద నాలుగొందల పుస్తకాలు

మా ఇంట్లో మంచం కింద నాలుగొందల పుస్తకాలు ఉండేవి. నేను రాసిన కథలే. ఐదొందలు అచ్చేయించాను. ఆవిష్కరణ సభలో వంద పోయినాయి. అమ్ముడుపోయినాయని అనుకోవద్దు. అన్నలు తీసుకున్నారు, తమ్ముళ్లు తీసుకున్నారు, వేదికెక్కిన పెద్దలు తలా ఒకటి సంచిలో వేసుకున్నారు. ఫొటో దిగారు. "ఆణిముత్యాలమ్మా" అన్నారు. ఏ కథ అని అడిగుంటే ఎంతమంది చెప్పేవాళ్లో! మిగిలిన నాలుగొందలు ఆటోలో ఇంటికొచ్చాయి. వానలకి అడుగు కట్టకు చెద పట్టింది. మాయమ్మ వేపాకు తెచ్చి పుస్తకాల మధ్యన పెట్టింది.

అచ్చుకైన డబ్బులో కొంత నా జీతం. కొంత మాయమ్మ పొదుపు గ్రూపులో తీసిన అప్పు. అంటే నా పుస్తకానికి పబ్లిషరు మా మాదిగపాళెం ఆడోళ్లు. ఆ మాట ఆ సభలో ఏ వక్తా చెప్పలేదు. వాళ్లకి తెలియదు. తెలిసిన నేనూ చెప్పలేదు. పుస్తకం పొదుపు అప్పుతో వచ్చిందని చెప్పుకోడానికి సిగ్గుపడ్డాను. డిగ్రీ చేసి, బీఈడీ చేసి, సర్కారు బడిలో టీచరునై నేను నేర్చుకున్న సిగ్గు అది.

సభ అయ్యాక ఒక సంఘం అన్న నా మేలుకోరే అన్నాడు: "మన ఆడోళ్లు రాస్తే చదివేదెవరు చెల్లీ? మనోళ్లకి చదువే రాదాయె."

అన్నా, ఈ మాట ఇంకెక్కడన్నా అను. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో నిలబడి అనొద్దు. ఈ నేలకి ఒక చరిత్ర ఉంది.

1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం మొదలైంది. నేను అప్పటికి అమ్మ కడుపులో ఉన్నాను. పగలంతా కూలికి పోయొచ్చి, పొద్దుగూకినాక లాంతరు ముందు పలక పట్టుకుని కూర్చున్న లక్షల మందిలో మాయమ్మ ఒకతి. వారుణి వాహిని అని పేరుపెట్టి ప్రభుత్వమే సారా ప్యాకెట్లు గుమ్మందాకా తెచ్చిన కాలం అది. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగే మొగుడితో ఒకామె పడ్డ బాధ. ఆ పాఠాన్ని వాళ్లు పరీక్షకోసం చదవలేదు. "ఇది నా కతే" అన్నారు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడోళ్లు సారా అంగడి మూయించారు. ఆ సంగతి "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠమై మళ్లీ వాచకంలోకి ఎక్కింది. దాన్ని చదివి పక్క ఊళ్లోళ్లు లేచారు. 1992లో ఈ జిల్లాలో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. అది వేరే ద్రోహం.

నేను అడిగేది ఒకటే. నాలుగు పేజీల పాఠం చదివి ప్రభుత్వాన్ని వంచిన పాఠకులు తెలుగుదేశంలో ఇంకెక్కడన్నా ఉన్నారా? ఏ మహాకవి పుస్తకానికి అట్టాంటి చదువరులు దొరికారు? కూలినాలి చేసుకునే ఆడోళ్లు, మాల మాదిగ ఆడోళ్లు, కొత్తగా అక్షరం కూడబలుక్కున్నోళ్లు. వాళ్లే. ఆ తర్వాత వాళ్లమీద పత్రికలోళ్లు రాశారు, ప్రొఫెసర్లు రాశారు, అధికారులు తమ అనుభవాలు చెప్పుకున్నారు. దూబగుంట రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. ఆమె 2016లో కన్నుమూసింది. మరి చదవడం నేర్చిన ఆ ఆడోళ్లకి రెండో పుస్తకం ఎవరిచ్చారు? మూడో పుస్తకం ఎవరిచ్చారు? వాచకం అయిపోయింది, లాంతరు ఆరింది. చాలామంది సంతకం దగ్గర ఆగిపోయారు. ఇప్పుడు మనం వాళ్లను చూపించి పాఠకుల్లేరు అంటున్నాం. పొయ్యి ఆర్పినోళ్లే అన్నం ఉడకలేదన్నట్టుంది.

అంతకుముందు కూడా చదువు మా పాళేనికి ఆడమనిషి నోటిమీదనే వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఉదయగిరిలోనూ, ఆత్మకూరులోనూ ఠాణాలు పెట్టింది. బైబిలు స్త్రీలని ఉండేవాళ్లు. గుడిసె గుడిసెకి పోయి చదివి వినిపించేవాళ్లు. మా జేజి వాళ్ల దగ్గర విని విని, ఒక్క అక్షరం రాకపోయినా, పుస్తకంలో ఏ కత తర్వాత ఏ కతో చెప్పేది. ఒకరు చదివితే ఇరవైమంది వినేవాళ్లు. అదీ మా పాఠకలోకం. కాపీలు లెక్కపెట్టేవాడికి అది కనపడదు.

జిల్లా సాహిత్య చరిత్ర అంటే తిక్కనతో మొదలుపెడతారు. మంచిదే. మొల్ల గోపవరం బద్వేలు దగ్గరిదా, నెల్లూరు జిల్లాదా అని పోట్లాడతారు. కుమ్మరి ఇంటి ఆడపిల్ల రామాయణం రాస్తే దాన్ని రాయల సభలో చదవనీయలేదని ఒక కత చెప్పుకుంటారు. అది జరిగిందో లేదో గానీ, మనం ఇన్నేళ్లుగా ఊరికోసం పోట్లాడినంత పుస్తకం కోసం పోట్లాడామా? పొణకా కనకమ్మ సంగతి చూడండి. పొట్లపూడిలో సుజనరంజనీ సమాజం పెట్టింది, నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం కట్టించింది, జైలుకి పోయింది. భూమీ పేరూ ఉన్న రెడ్ల ఇంటి మనిషి. 1963లో పోయింది. ఆమె రాసుకున్న స్వీయచరిత్ర "కనకపుష్యరాగం" పుస్తకమై వచ్చింది 2011లో. ఆమె రాతకే అంతకాలం పడితే, పాళెంలో పుట్టి రాసినదాని కాగితాలు ఏ చూరులో చెదలుపట్టి పోయాయో ఎవరు వెతికారు?

వెతికింది మళ్లీ మన ఆడోళ్లే. గోగు శ్యామల 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవి ఒక్కచోట చేర్చి "నల్లపొద్దు" తెచ్చింది. తాడి నాగమ్మ అనే ఒక దళిత రచయిత్రి ఉన్నదని నాకు అందులోనే తెలిసింది. జూపాక సుభద్ర, శ్యామల కలిసి "నల్లరేగటి సాళ్లు" తెచ్చారు. చల్లపల్లి స్వరూపరాణి రాసింది, వినోదిని రాసింది. 1993లో "నీలిమేఘాలు" వచ్చినప్పుడు స్త్రీ అంటే ఏ స్త్రీ అని అడగాల్సొచ్చింది. 1995లో "చిక్కనవుతున్న పాట" వచ్చినప్పుడు దళితుడంటే మగవాడేనా అని అడగాల్సొచ్చింది. ఇటు అక్కల్నీ అటు అన్నల్నీ అడుగుతూనే ముప్పై ఏళ్లు గడిచాయి.

ఇప్పుడు నా పుస్తకం సంగతికొస్తా.

అందులో ఒక కథ ఉంది. పొగాకు బ్యారన్ దగ్గర ఆకు అల్లే ఒకామె కథ. ఏప్రిల్ 14 రాత్రి ఆమె మొగుడు అంబేద్కర్ జయంతి సభలో మాట్లాడి, చప్పట్లు కొట్టించుకుని ఇంటికొస్తాడు. కూర చల్లారిందని ఆమెను కొడతాడు. అంతే కథ. అట్టాంటి రాత్రి నేను చూశాను. ఏ ఇంట్లో అనేది రాయలేదు, ఇక్కడా రాయను.

సభలో పుస్తకం ఊరికే తీసుకున్నవాళ్లలో ఎవరో ఆ ఒక్క కథా చదివినట్టుంది. నెల తిరక్కముందే నలుగురు పెద్దలు మా ఇంటికొచ్చారు. తిట్టలేదు. తిట్టుంటే నాకు తేలికయ్యేది. "అమ్మా, నువ్వు మా బిడ్డవి. చదువుకున్నదానివి. మన ఇంటి గుట్టు ఊరోళ్ల ముందర పెడితే వాళ్లు నవ్వరా? ముందు కులం గెలవాల. ఆడోళ్ల సంగతి తర్వాత చూసుకుందాం" అన్నారు. ఆ మీదట బేరం పెట్టారు. ఆ కథ ఉన్న ఎనిమిది పేజీలు చింపేసి ఇస్తే నాలుగొందలూ సంఘమే కొంటుందంట. రేటుకి రేటు.

నిజం చెప్తున్నా, నేను చింపడానికి సిద్ధపడ్డాను. గ్రూపు అప్పు వాయిదా నెత్తిమీదుంది. మాయమ్మ మాట పోతుంది. ఎనిమిది పేజీలే గదా అనుకున్నాను. రాత్రి కట్ట విప్పి ఒక కాపీలో ఆ పేజీలు పట్టుకుని కూర్చున్నాను. మాయమ్మ చూసింది.

"యేందిమే చేస్తుండావు?"

చెప్పాను.

"ఆ కత నాకెప్పుడన్నా చదివినావా?"

చదవలేదు. ఆవిష్కరణకి హైదరాబాదు వాళ్లని పిలిచాను, నెల్లూరు వాళ్లని పిలిచాను. పుస్తకం ఎవరి అప్పుతో వచ్చిందో వాళ్లకి ఒక్క పేజీ చదివి వినిపించలేదు. వాళ్ల బతుకే రాసి, వాళ్ల మాటలే రాసి, వాళ్లకి అర్థం కాదులే అనుకున్నాను. సంఘం అన్న నోటితో అన్నాడు. నేను మనసులో అనుకున్నాను. ఇద్దరికీ తేడా ఏముంది?

మరుసటిరోజు మాయమ్మ గ్రూపు మీటింగులో చెప్పింది. లీడరు తేల్చేసింది: "అప్పు మాది. కట్టేది మేము. చింపాల్నా వద్దా అనేది మేం విన్నాక చెప్తాం. నలుగురు మగోళ్లొచ్చి చెప్పేదేంది?"

ఇందులో ఆదర్శం ఏమీ లేదు. లెక్క. సారాకి పోయే రూపాయిని మిగుల్చుకోమని రోజుకో రూపాయి పొదుపు మొదలుపెట్టిన జిల్లా ఇది. తమ రూపాయి ఎక్కడికి పోయిందో అడిగే అలవాటు వాళ్లకుంది.

చర్చి పక్కన వేపచెట్టు కింద నాలుగు సాయంత్రాలు చదివాం. మొదటిరోజు పదకొండుమంది. నాలుగోరోజు కూర్చోడానికి చాపలు చాలలేదు. ఆ కథ చదివిన రోజు ఒకామె మధ్యలో లేచి పోయింది. ఎవరూ ఆపలేదు. అయిపోయాక కాసేపు ఎవరూ పలకలేదు. అప్పుడు ఒక పెద్దామె అంది: "ఆకు అల్లేదాని చేతికి జిగురు పడతాది, నల్లంగా. సబ్బుకి పోదు. ఆ చేత్తో అన్నం తింటే చేదు. అది రాయలేదేం?" ఇంకొకామె: "దానికి ఏడుపొక్కటే పెట్టినావు. మేం తిడతాం గదా. ఆ తిట్లెందుకు రాయలా? మేష్టరమ్మవని సిగ్గా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ నాకు తగలాల్సిన చోటే తగిలింది. ఇంతకుముందు ఒక పత్రిక నుంచి ఆ కథే తిరిగొచ్చింది. భాష సంస్కరించమని రాశారు. మా ఆడోళ్లేమో భాష చాలినంత లేదు, ఇంకా పెట్టమన్నారు. ఇద్దరిలో నా కథ చదివిందెవరు?

పేజీలు చింపొద్దని తీర్మానం అయింది, మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు చేశారు. పెద్దలకి కోపం ఇప్పటికీ పోలేదు. ఇద్దరు నన్ను పలకరించరు. లేచిపోయినామె మళ్లీ రాలేదు. పుస్తకం వెల 80 రూపాయలు. వారానికి పది చొప్పున కట్టి తీసుకున్నారు. వింజమూరులో చెల్లెలికొకటి, దుత్తలూరులో ఆడబిడ్డకొకటి, మర్రిపాడులో వియ్యపురాలికొకటి పోయాయి. మంచం కింద ఇంకా నూటయాభై దాకా ఉన్నాయి. అప్పు కొంచెం మిగిలుంది.

కార్యకర్తలకి, విద్యార్థులకి నేను చెప్పదలచుకుంది ఇదీ.

సావిత్రీబాయి ఫొటోకి దండ వేస్తున్నారు. వేయండి. 1848లో పూనాలో ఆమె, జోతిబా పెట్టిన బడులవల్లే ముక్తా సాల్వే తయారైంది. మాంగు పిల్ల, అంటే మా మాదిగపిల్ల లాంటిదే. పద్నాలుగేళ్ల వయసులో మాంగు మహర్ల దుఃఖం గురించి వ్యాసం రాసింది. 1855లో "జ్ఞానోదయ" పత్రిక అచ్చేసింది. రాసే పిల్ల ఒకతే చాల్లేదు. నేర్పిన బడి కావాల్సొచ్చింది, వేసే పత్రిక కావాల్సొచ్చింది. ఈరోజు మన పాళెంలో రాసే పిల్లకి ఆ రెండూ ఎవరు? మనమే కావాలి.

ఊరికే పుస్తకం అడగొద్దు. టీ తాగితే డబ్బిస్తారు గదా. రచయిత్రి అక్క అయితే పుస్తకం ఉచితమా? కొనలేనివాళ్లు నలుగురు కలిసి ఒకటి కొనండి. ఆవిష్కరణకి పట్నంలో హాలు మాట్లాడేముందు పాళెంలో చాప పరవండి. ఏప్రిల్ 14న అరగంట ఉపన్యాసం తగ్గించి ఒక దళిత స్త్రీ కథ చదవండి. అది మనల్ని పొగిడే కథే కానక్కర్లేదు. మనల్ని తప్పుపట్టే కథను మన మధ్యనే మనం వినలేకపోతే, ఊరిని తప్పుపట్టే హక్కు మనకెక్కడిది? "గుట్టు" అని నోరుమూయించే మాట మనకు మనువు నేర్పిందే.

నా తోటి టీచర్లూ, బడిలో లైబ్రరీ బీరువా తాళం తీయండి. పుస్తకం చిరిగితే జవాబు చెప్పాలని తాళం వేసిపెట్టాం. నేనూ వేశాను. చిరగనీండి. స్త్రీవాద అక్కలూ, మీ సంకలనంలో మాకొక పేజీ ఇచ్చి రుణం తీరిందనుకోవద్దు. మా దగ్గరికొచ్చి మీవి చదవండి. మా ఆడోళ్లు మీకూ తప్పులు చూపిస్తారు.

నెలకి రెండు ఆదివారాలు వేపచెట్టు కింద చదువుతున్నాం. పోయినసారి నా పుస్తకం చదవలేదు, శ్యామల కథ చదివాం. రావాలనుకునేవాళ్లు రండి. వేదిక లేదు, శాలువా లేదు, చాప ఉంది. మీరు రాసింది తెచ్చి చదవండి. చదివాక తిట్లు కూడా ఉంటాయి. అవి విని పోండి.