గ్రహణపు మొఱ్ఱి

గ్రహణ మెన్ని గంటలకు బట్టునో నిమిషముతో సహా తెలిసికొనుటకు మనలో బలువురు నేడు చేతిఫోను తీసి చూచుచున్నారు. చూచి, యా సమయమున గర్భిణియగు కోడలిని గదిలో గూర్చుండబెట్టి, కత్తిపీట ముట్టనీయక, మంచినీరైనను ద్రాగనీయక కావలి కాయుచున్నారు. లెక్క శాస్త్రజ్ఞునిది, భయము రాహువుది! ఇది యేమి వివేకము?

ఇది పూర్వాచార మందురు. ఏ పూర్వులది? చంద్రుడు సూర్యుని, భూచ్ఛాయ చంద్రుని గప్పుటయే గ్రహణమని ఆర్యభటుడు క్రీ. శ. 499 ప్రాంతమున రచించిన గ్రంథమున జెప్పియున్నాడు. వరాహమిహిరుడు బృహత్సంహితలో రాహువు కారణము కాడని వాదించెను. వీరు పూర్వులు కారా?

"నమ్మినందున నష్టమేమి?" యనువారు కొందఱు. నష్టము నమ్మినవారికి గాదు, దప్పికతో గూర్చున్న యా పిల్లకు. పెదవి చీలి పుట్టిన బిడ్డకు గ్రహణపు మొఱ్ఱి యని పేరుపెట్టి, నేరమంతయు దల్లి నెత్తిన మోపుట యంతకంటె ఘోరము. గర్భమున శిశువు పైపెదవి నాలుగవ వారము మొదలు ఏడవ వారము లోపలనే కూడుకొనును. ఎనిమిదవ నెలలో గదిలో మూసిన కోడలి బిడ్డకు బెదవి యేనాడో యేర్పడినది! ఆ చీలికకు వంశలక్షణములు, పొగాకు, కొన్ని మందులు హేతువులు కావచ్చును. ఆకాశములోని నీడ కానేరదు.

సూర్యగ్రహణమును వట్టికంటితో జూడరాదన్నమాట నిజమే. అది స్త్రీపురుషుల కెల్ల సమానము. తక్కిన నిషేధములు కోడలికే యేల? చదువరులారా, రాబోవు గ్రహణమునాడు చూలాలికి వేళకు అన్నము, నీరు ఒసగుడు. మొఱ్ఱిగల బిడ్డను వైద్యుని యొద్దకు గొనిపొండు. శస్త్రచికిత్సచే బెదవి కుదురును, తల్లిని దూషించుటచే గాదు.