గడ్డికీ ఆదివారం

స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ పట్నాన ‘ఓల్డ్ కోర్సు’ అనే గోల్ఫు మైదానం ఉంది. దానిమీద ఆడాలని దేశదేశాల ఆటగాళ్ళు ఉవ్విళ్ళూరుతారు. అయినా, కొన్ని పోటీల సమయంలో తప్ప, ఆదివారం నాడు అక్కడ ఆట లేదు. గడ్డికి సెలవు! ఆ పూట ఊరివాళ్ళు పిల్లలతో షికారు తిరుగుతారు.

1865 నుంచి 1903 వరకు దాని పోషణ చూసిన టామ్ మారిస్ పచ్చికమీద పలచగా ఇసుక చల్లించేవాడు. దానితో నేల చదునవుతుంది, నీరు నిలవదు. చలికాలంలో గడ్డి పెరగదు గనుక, కర్ర దెబ్బకు పెళ్ళ లేచిన చోటు పూడదు. అందుకే నవంబరు నుంచి మార్చి వరకు ఆటగాళ్ళు చిన్న చాప వెంట తీసుకుపోయి, బంతిని దానిమీద పెట్టి కొడతారు.

వేసవిలో కనిపించే పచ్చదనం ఈ విశ్రాంతి పెట్టిన భిక్షే. గడ్డిపోచకు దక్కిన ఆదివారం మన ఇళ్ళలో ఇల్లాలికి దక్కుతున్నదా? ఆనాడే వంటింట్లో పని రెట్టింపు కదా!