పరాయి గడ్డ మీద మొదటి వారం

విదేశీ విద్య అన్నది ఒకప్పుడు కలవారి బిడ్డలకూ, సంస్థానాల దయ పొందిన కొద్దిమందికీ మాత్రమే దక్కిన భాగ్యం. 1913లో బరోడా మహారాజావారి సాయంతో అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920వ దశకంలో హార్వర్డు చేరి, ఆసుపత్రిలో చిన్న కొలువు చేసుకుంటూ చదివారు. ఫాస్ఫరస్‌ను లెక్కగట్టడానికి ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన పద్ధతి నేటికీ జీవరసాయన శాస్త్రంలో వారి పేర్లతోనే నిలిచి వుంది.

ఈనాడు పరిస్థితి వేరు. 2023–24 విద్యా సంవత్సరంలో ఒక్క అమెరికాలోనే 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. మా పెదనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, 2023 ఆగస్టులో వెళ్ళి ఆ లెక్కలో ఒకడయ్యాడు. ఇంజనీరింగు ఫస్టు క్లాసులో పాసైనవాడు. అప్పు ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. పంటభూమిని హామీగా తీసుకోవడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి. బాకీ పడితే దాన్ని జప్తు చేసుకోవడానికి 2002 నాటి సర్ఫేసీ చట్టం వారికి వీలివ్వదు. అందుచేత పెదనాన్న ఊళ్ళో ఇల్లు తాకట్టు పెట్టి, చాలని డబ్బుకు కాలవకింద ఎకరం అమ్మాడు. కనుక అక్కడ మొదటి వారంలో పిల్లవాడు నిలదొక్కుకుంటాడా లేదా అన్నది వాడొక్కడి సంగతి కాదు. ఇక్కడ ఒక ఇల్లూ, ఒక ఎకరం సంగతి.

ఆ వారమంతా అన్నయ్య రోజూ ఫోన్ చేసేవాడు. అక్కడ పొద్దుటి క్లాసు ముగిసేసరికి మాకిక్కడ రాత్రి భోజనాల వేళ. చలి గురించో, తిండి గురించో చెబుతాడనుకున్నాం. ఆగస్టులో చలి యెక్కడిది? తిండికీ లోటు లేదు. గదిలో నలుగురూ తెలుగువాళ్ళే, పప్పూ చారూ వండుకుంటున్నారు. వాడి బెంగ అంతా క్లాసు గురించే.

మొదటిరోజే ప్రొఫెసరు సిలబస్ అని ఒక కాగితాల కట్ట ఇచ్చాడట. మన సిలబస్ అంటే పాఠాల పేర్లు. అందులో సెమిస్టరంతా వుంది: ఏ వారం ఏ పాఠం, ఏ తేదీకి ఏ హోమ్‌వర్కు ఇవ్వాలి, దేనికెన్ని మార్కులు, ఆలస్యమైతే ఎంత కోత. కోర్సు నచ్చకపోతే ఫలానా తేదీలోగా మార్చుకోవచ్చు. ఇంకొకరి వాక్యం వాళ్ళ పేరు చెప్పకుండా రాసుకుంటే దొంగతనం కింద లెక్క, శిక్ష తప్పదు. చివర్న ‘ఆఫీస్ అవర్స్’ అని వారానికి రెండు గంటలు రాసి వుంది. అవి ఆయన ఆఫీసు పనికి పెట్టుకున్న గంటలనీ, ఆ వేళప్పుడు తలుపు తట్టకూడదనీ అన్నయ్య అనుకున్నాడు. నిజానికి అవి విద్యార్థులు వచ్చి సందేహాలు అడగడానికి కేటాయించిన గంటలు! ఆ సంగతి తోటివాడు చెబితేగాని తెలియలేదు.

ఆ వారం చివర్లో ధైర్యం చేసి వెళ్ళాడు. లెక్క చూపించి, తెలియడం లేదన్నాడు. ప్రొఫెసరు కసరలేదు, జవాబూ చెప్పలేదు. “నువ్వు ఇంతవరకూ ఏం ప్రయత్నించావు?” అని మాత్రం అడిగాడట. పదహారేళ్ళు చదివిన మా అన్నయ్య దగ్గర ఆ ప్రశ్నకు సమాధానం లేకపోయింది. ఎందుకుంటుంది? ఆ ప్రశ్న వాణ్ణి అంతకుముందు ఎవరూ అడగలేదు గదా!

మాది వరి పండించే ఇల్లు. నాటు వేసిన వారం పదిరోజులు చేను పచ్చదనం తగ్గి వాడిపోయినట్టుంటుంది. తర్వాత వేరు పట్టి మూన తిరుగుతుంది. ఏ రైతూ దానికి భయపడడు. కానీ నారే ముదిరిపోయిందయితే ఎంత ఎరువు వేసినా దుబ్బు సరిగ్గా కట్టదు. అప్పుడు తప్పు చేనుది కాదు, నారుమడిది. పరాయి దేశంలో మొదటి వారం ఎవరికైనా కష్టమే. అందులో కొంత నాటు వేసిన కష్టం, దానంతటదే పోతుంది. మిగిలినది నారుమడిలో మనం చేసిన కష్టం. ఆ నారుమడి మన కాలేజీలే.

మన దగ్గర ప్రశ్న అడిగినవాడంటే పాఠానికి అడ్డం వచ్చినవాడని లెక్క. నోట్సు ఉన్నదున్నట్టు దింపితే మార్కులు. ప్రాక్టికల్ రికార్డు ఏటా ఒక బ్యాచి నుంచి ఇంకో బ్యాచికి వారసత్వంగా వస్తుంది. రీడింగులు కూడా దానితోపాటే వస్తాయి. ఇక్కడ తెలివి అనిపించుకున్నదే అక్కడ మొదటి వారంలో నేరమవుతోంది. వీసా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో కన్సల్టెన్సీలవాళ్ళు బట్టీ పట్టిస్తారు. క్లాసులో ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు.

అక్కడివన్నీ గొప్పవని నా వాదన కాదు. లెక్కల్లో మనవాళ్ళ పునాది గట్టిదేనని అన్నయ్యే అన్నాడు. సగం సెమిస్టరు గడిచేసరికి వాడూ మూన తిరిగాడు. “అంతా విదేశాలకు పోతారా? పోయే నలుగురి కోసం కాలేజీని మార్చాలా?” అని మాస్టార్లు అడగవచ్చు. నేను పోయేవాళ్ళ కోసం అడగడం లేదు. పోయినవాడు ఏదో విధంగా అక్కడ నేర్చుకుంటాడు. ఇక్కడే వుండిపోయే నాలాంటివాడికి ఆ రెండు గంటలు ఎవరిస్తారు? “డబ్బున్న దేశాలు, వాళ్ళకు చెల్లుతుంది” అనీ అనవచ్చు. అక్కడా కింది తరగతుల్లో ఒక్కో క్లాసులో వందల మంది వుంటారు. తలుపు మీద ఒక కాగితం అంటించడానికి గ్రాంటు అక్కర్లేదు.

కాబట్టి మూడు సంగతులు అడుగుతున్నాను. ప్రతి లెక్చరరూ వారానికి రెండు గంటలు సందేహాలకు కేటాయించి ఆ వేళలు గది తలుపు మీద రాసి పెట్టాలి. రికార్డులో ఎవరి రీడింగు వారిదే వుండాలి. ప్రయోగం చెడితే చెడినట్టే రాయనివ్వాలి, దానికి మార్కులు కొయ్యకూడదు. ఇక మన యూనియన్ చెయ్యవలసింది ఒకటుంది: బయటి దేశాల్లో చదివే మన పూర్వ విద్యార్థుల చేత తమ మొదటి వారం గురించి తలా ఒక ఉత్తరం రాయించి, రీడింగ్ రూములో అందరికీ అందుబాటులో వుంచాలి.

మిత్రులారా, మన వంతు కూడా ఒకటుంది. మాస్టారి తలుపు తెరిచే వుంటే సరిపోదు, లోపలికి వెళ్ళేవాడు కావాలి. వెళ్ళేముందు ఒక తెల్లకాగితం మీద, ఆ లెక్కతో మనం ఎంతదూరం వెళ్ళామో, ఎక్కడ ఆగిపోయామో రాసుకుని వెళదాం. “ఏం ప్రయత్నించావు?” అని మాస్టారు అడిగితే చూపించడానికి మన చేతిలో ఆ కాగితం వుండాలి.