యూజర్ ఎవరు?

పోయిన వారం ఓ డిజైన్ సదస్సుకు వెళ్లొచ్చాను. సమాజానికీ పర్యావరణానికీ మేలు చేసే డిజైన్ల మీద రెండు రోజుల సదస్సు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి అక్కడేం పని అంటారా? మా స్టూడెంట్ ఒకడు అక్కడ వాలంటీరు. "సార్, పారిశుధ్య కార్మికుల మీద కూడా ఒక సెషన్ ఉంది, రండి" అన్నాడు. వెళ్లాను.

మట్టి కప్పుల్లో టీ, జనపనార సంచులు. ప్లాస్టిక్ బాటిల్ ఒక్కటి కనపడలేదు. వెక్కిరించడానికి చెప్పడం లేదు, నిజంగానే బాగుంది.

ఆ సెషన్లో ఒక కుర్రాడు మ్యాన్‌హోల్‌లోకి దిగేవాళ్ల కోసం తయారుచేసిన సూట్ చూపించాడు. విషవాయువు ఉంటే మోగే హెల్మెట్, మాస్కు, తేలికైన బూట్లు. కష్టపడ్డాడు. మాటలో నిజాయితీ కూడా ఉంది. హాలంతా చప్పట్లు.

నేను లేచి అడిగాను. "తమ్ముడూ, ఇది చేసేటప్పుడు ఎవరెవరితో మాట్లాడావు?"

"ఇంజనీర్లతో, కాంట్రాక్టర్లతో సార్. కొనేది వాళ్లే కదా, మా యూజర్లు వాళ్లే."

"మరి దిగేవాళ్లతో?"

"టైమ్ దొరకలేదు సార్."

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఆ జవాబు విని హాల్లో ఒక్కరూ ఉలిక్కిపడలేదే, నా బాధ అది.

మిత్రులారా, ఇక్కడ చట్టం సంగతి ఒకటి తెలుసుకోవాలి. 1993లో ఒక చట్టం వచ్చింది. అది చాలక 2013లో ఇంకొకటి వచ్చింది. మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో "ప్రమాదకరమైన శుభ్రత" చేయించకూడదని 2013 చట్టం చెప్తుంది. అయితే ఆ మాటకు అదే చట్టం ఇచ్చిన నిర్వచనం చదవండి. రక్షణ పరికరాలు ఇవ్వకుండా, జాగ్రత్తలు పాటించకుండా మనిషి చేత చేయిస్తేనే అది ప్రమాదకరం. అంటే సూట్ తొడిగి, జాగ్రత్తలు తీసుకున్నామని రాసుకుంటే, మనిషిని దించడానికి దారి తెరిచే ఉంది. ఆ కుర్రాడి సూట్ దిగేవాడి ఊపిరిని కాపాడుతుందో లేదో కానీ, దించేవాడిని కేసు నుంచి కాపాడొచ్చు.

"మరి యంత్రం వచ్చేదాకా వాళ్లు ఒట్టి ఒంటితో దిగాలా?" అని టీ దగ్గర ఒకావిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఇవాళ దిగుతున్న మనిషికి ఇవాళే బూటు కావాలి. దానికి నేను అడ్డం కాదు. కానీ బూటు దగ్గరే ఆగిపోయే డిజైన్, ఆ మనిషి రేపు కూడా దిగుతాడని ముందే ఒప్పుకున్న డిజైన్.

యంత్రాలు లేవా అంటే ఉన్నాయి. ఇరుకు గల్లీల్లోకి వెళ్లే చిన్న జెట్టింగ్ యంత్రాలను 2017లోనే హైదరాబాద్ జలమండలి రోడ్డెక్కించింది. వాటికి దళిత యువకులే యజమానులయ్యారు. కేరళ కుర్రాళ్లు బాండికూట్ అనే రోబో చేశారు. అయినా 2021లో అదే హైదరాబాద్‌లో, సాహెబ్‌నగర్ మ్యాన్‌హోల్‌లో ఇద్దరు కార్మికులు చనిపోయారు. యంత్రం కంటే మనిషి చవగ్గా దొరికినన్నాళ్లు ఏ యంత్రమైనా షెడ్డులోనే ఉంటుంది. ఆ మనిషిని చవక చేసింది కులం. ఈ దేశంలో అన్నిటికన్నా పాత డిజైన్ అదే. దాన్ని ఏ స్లైడ్‌లోనూ చూపించలేదు.

1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. చావుకు వెల పెరిగింది, చావు ఆగలేదు.

బెజవాడ విల్సన్, ఆయనతో నడిచిన సఫాయి కర్మచారులు పొడి మరుగుదొడ్లను బాగుచేసి ఇమ్మని అడగలేదు. గడ్డపారలతో కూలగొట్టారు. నా దృష్టిలో అది కూడా డిజైనే. కొన్నిటిని మెరుగుపరచకూడదు, లేకుండా చేయాలి.

డిజైన్, ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లలకు ఒక్క మాట. అలాంటి హాళ్లకు వెళ్లండి, తప్పుకోకండి. ప్రతి బొమ్మ ముందూ నిలబడి అడగండి: యూజర్ ఎవరు? అతను ఈ గదిలో ఉన్నాడా? ఈ పని అతనే ఎందుకు చేయాలి?

బయటికొచ్చేటప్పుడు ఆ కుర్రాడు నా నంబర్ తీసుకున్నాడు. ఆదివారం మా బస్తీకి రమ్మన్నాను. వస్తానన్నాడు. సూట్ తీసుకురావద్దు, నోట్‌బుక్ తెచ్చుకో అని చెప్పాను.

జై భీమ్.