కిరాయి కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు



లీజు అనే మాట మనకు కొత్తది కాదు. విశాఖ మన్యంలో గిరిజనేతరులకు ఇచ్చిన మైనింగ్ లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. 1/70 గురించి మీటింగుల్లో గంటసేపు మాట్లాడగలం. కానీ హైదరాబాద్‌లో రూం తీసుకునేటప్పుడు మాత్రం చదవకుండా సంతకం పెట్టేస్తున్నాం. చాలాసార్లు కాగితమే అడగడం లేదు.

పోయిన ఎండాకాలం హాస్టల్ మూసేశాక మేం నలుగురం శాలిబండ దగ్గర రూం తీసుకున్నాం. కిరాయి 6,000, అడ్వాన్స్ రెండు నెలలది. అంతా నోటి మాటే. అడ్వాన్స్ కూడా నగదే ఇచ్చినం. ఖాళీ చేసేటప్పుడు సున్నం, మోటర్ రిపేరు అని లెక్క చెప్పి 12,000కు 4,000 చేతిలో పెట్టారు. మాలో ఒకరి నాన్న మేకలు అమ్మి పంపిన పైసలు అందులో ఉన్నాయి. గట్టిగా అడుగుదామంటే మా దగ్గర ఒక్క ముక్క రుజువు లేదు.

ఓనర్‌ను ఒక్కరినే తిట్టలేం. ఆ కిరాయి మీదే వాళ్ల ఇల్లు నడుస్తది. మాకంటే ముందున్నవాళ్లు మూడు నెలల కిరాయి ఎగ్గొట్టి పోయారట. కాగితం ఉంటే వాళ్లకూ మాకూ మంచిదే అయ్యేది.

తర్వాత మేం తెలుసుకున్నవి చెప్తాం.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారు? 1908 రిజిస్ట్రేషన్ చట్టం మూల పాఠంలో ఏడాది దాటే లీజును రిజిస్టర్ చేయించాలని ఉంది. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి 11 నెలలు.

"కిరాయి నియంత్రణ చట్టం ఉంది కదా" అంటారు కొందరు సీనియర్లు. 1960 నాటి ఆ చట్టం 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన కిరాయిలకు వర్తించదు. ఆ రేటుకు ఇవాళ పాతబస్తీలో కూడా సరైన గది దొరకడం కష్టం. ఇక మనకు మిగిలేవి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, మనం సంతకం పెట్టిన కాగితం. కాగితంలో గడువు రాయకపోతే నెలవారీ కిరాయిదారుకు 15 రోజుల నోటీసు చాలు. పరీక్షల ముందు 15 రోజుల్లో రూం ఎక్కడ వెతుకుతాం? అందుకే రెండు నెలల నోటీసు అని రాయించుకోవాలి.

గడువు దాటినా ఖాళీ చేయించాలంటే ఓనర్ కోర్టుకే పోవాలి. సామాన్లు బయట పడేసి తాళం వేస్తే ఆరు నెలల్లోపు మనమే కోర్టులో కేసు వేయొచ్చు.

అడ్వాన్స్ ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, సున్నం ఖర్చు ఎవరిది, చేరిన రోజు మీటర్ రీడింగ్ ఎంత, కిరాయి ఎప్పుడు ఎంత పెరుగుతది: ఇవన్నీ కాగితంలో ఉండాలి. నలుగురు ఉంటే నలుగురి పేర్లూ రాయించండి. ఒక్కడే సంతకం పెడితే బాకీ అంతా వాడి మీదే పడుతుంది. పైసలు ఫోన్‌లోనే పంపండి. చేరిన రోజే గోడల ఫోటోలు తీసుకోండి.

ఇంకో సంగతి. 1987 చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నంబర్ 15100. సిటీ సివిల్ కోర్టు పురానీ హవేలీలోనే ఉంది. మా రూం నుంచి నడిచి పోయేంత దూరం. మాకు అప్పుడు తెలియదు.

చివరగా ఒక మాట. ఇక్కడ మనం కిరాయిదారులం, ఊళ్లో ఓనర్లం. ఏజెన్సీలో రోడ్డు పక్క జాగాను తెల్ల కాగితం మీద గిరిజనేతరులకు షాపు కోసం లీజుకిస్తున్న మనవాళ్లు ఉన్నారు. 1/70లో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా. అది చెల్లదు. ఈసారి ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నలకు ఇది చెప్పండి.

హాస్టళ్లలో ఫ్రెషర్స్ డేకి డాన్సులతో పాటు ఒక గంట కిరాయి కాగితం చదవడానికి పెట్టాలని మా అభిప్రాయం. కాగితం ఇంగ్లీషులో ఉండి అర్థం కాకపోతే సిగ్గుపడొద్దు. పేర్లు, ఆధార్ నంబర్లు కనపడకుండా చేసి గ్రూపులో పెట్టండి, కలిసి చదువుదాం. సంతకం మాత్రం ఆ తర్వాతే.